ఈ పూటకు ఒక చెయ్యి చాలు

మొన్న మా ఇంటికి వచ్చిన స్నేహితురాలు కుట్టు మిషన్ పక్కన గోడకి అంటించిన చిన్న కాగితం చూసింది. దాని మీద రాసి ఉన్నది ఇంతే: "కుడి చెయ్యి. కచ్చా కుట్టు వరకు." ఆమెకి మొదట అర్థం కాలేదు. చొక్కా చెయ్యి గురించి అని, కచ్చా కుట్టు అంటే మిషన్ కుట్టుకి ముందు తాత్కాలికంగా వేసే చేతికుట్టు అని చెప్పాను. "అంటే ఇవాళంతా ఒక్క చెయ్యేనా? అది కూడా పూర్తిగా కాదా?" అంది. అవునన్నాను. కాసేపు ఆగి, "సరదాకి కుట్టుకుంటున్నావు కదా, దానికి కూడా టార్గెట్లు ఎందుకు? ఆఫీసులో ఉన్నవి చాలవా నీకు?" అని అడిగింది.

అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. తను వెళ్లిపోయాక కూడా ఆ మాటే మనసులో తిరిగింది. ఎందుకంటే తను అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగం నిజం నాకు రెండేళ్ల క్రితం బాగా తెలిసొచ్చింది. మిగతా సగంతో మాత్రం నేను ఒప్పుకోలేను. ఎందుకు ఒప్పుకోలేనో ఈ వారం రోజులూ ఆలోచించి రాస్తున్నాను.

ఇరవై నాలుగు బట్టల ఏడాది

కుట్టు కొత్తగా చేతికి పట్టుబడుతున్న రోజుల్లో ఒక నోట్‌బుక్ తీసి, మొదటి పేజీలో ఆ ఏడాది కుట్టాల్సినవన్నీ రాసుకున్నాను. నెలకి రెండు, ఏడాదికి 24. చొక్కాలు, పైజామాలు, పిల్లల గౌన్లు, చివర్లో ఒక కోటు. రాస్తుంటే ఎంత ఉత్సాహం వచ్చిందో! సగం బట్టలు అప్పుడే కుట్టేసినట్టు అనిపించింది.

మొదటి నెలలో రెండూ అయ్యాయి. రెండో నెలలో ఒకటే అయింది. అక్కడి నుంచి మిషన్ ముందు కూర్చోగానే ముందుగా గుర్తొచ్చేది "ఇంకా బాకీ ఉంది" అన్న మాట. బాకీ తీర్చాలని తొందరపడ్డాను. నూలు గుడ్డని నీళ్లలో తడపకుండానే పైజామాకి కత్తిరించేశాను. తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసేసరికి ఒక రోజు పోతుందన్న లెక్క నాది. నూలు గుడ్డని నేసేటప్పుడూ, ఆ తర్వాత మిల్లులో సాపు చేసేటప్పుడూ పోగులు సాగి ఉంటాయి. నీళ్లు తగిలాక ఆ బిగువు వదిలి వెనక్కి వచ్చేస్తాయి. నూటికి మూడు నుంచి ఐదు వంతులు తగ్గడం మామూలే. అంటే 100 సెంటీమీటర్ల పొడవున్న కాలు ఒక్క ఉతుకుతో 95 కావచ్చు. నా పైజామాకి అదే జరిగింది, చీలమండ పైనే ఆగిపోయింది. ఇది నాకు తెలియని సంగతి కాదు. తెలిసే వదిలేశాను. ఆ రోజుల్లో నాకు కావాల్సింది మంచి పైజామా కాదు, జాబితాలో ఇంకొక గీత.

నాలుగో నెలలో ఒక చొక్కా ముక్కలు కత్తిరించి సంచిలో పెట్టాను. ఆ సంచి ఎనిమిది నెలలు అలాగే ఉండిపోయింది. మిషన్ మీద దుప్పటి కప్పేశాను. ఆ గదిలోకి వెళ్లిన ప్రతిసారీ అది కనబడి మనసు చివుక్కుమనేది. ఎవరూ చెప్పకుండా, ఎవరి కోసమూ కాకుండా ఇష్టపడి మొదలుపెట్టిన పని నుంచి తప్పించుకు తిరగడం చాలా బాధగా ఉంటుంది. నా స్నేహితురాలు చెప్పిన సగం నిజం ఇదే. టార్గెట్ సరదాని చంపగలదు. నా సరదాని చంపింది కూడా.

మిషన్‌తో పాటే వచ్చిన పరుగు

ఈ "ఎన్ని" అన్న లెక్క మనకి ఎక్కడ అంటుకుందని ఆలోచిస్తే, అది మిషన్‌తో పాటే వచ్చిందనిపిస్తుంది. 1845లో ఎలియాస్ హౌ తన కుట్టు మిషన్‌ని బోస్టన్‌లో ఐదుగురు చేతికుట్టు పనివాళ్లతో పోటీకి పెట్టాడు. నిమిషానికి 250 కుట్లు వేసి మిషన్ గెలిచింది. మరుసటి ఏడాది ఆయనకి పేటెంట్ వచ్చింది. అంతకుముందే, 1831లో, ఫ్రాన్స్‌లో బార్తెలెమి తిమోనియే మిషన్లని దర్జీలు గుంపుగా వచ్చి పగలగొట్టారు, తమ నోటి దగ్గర కూడు పోతుందన్న భయంతో. ఆ మిషన్‌కి మెప్పు వచ్చిందీ వేగం వల్లే, దెబ్బలు పడిందీ వేగం వల్లే.

ఫ్యాక్టరీకి ఆ లెక్క కావాలి. కుట్టు మీద బతికేవాళ్లకి ఇంకా ఎక్కువ కావాలి, గంటకి ఎన్ని అన్నదాని మీదే వాళ్ల ఇల్లు నడుస్తుంది. ఆ లెక్కని నేను చిన్నచూపు చూడను. కానీ ఇంట్లో ఒక మూల, మన కోసం మనం కుట్టుకునే చోటికి కూడా దాన్నే తెచ్చుకోవడంలో అర్థం లేదు. అక్కడ ఎవరూ రాత్రికి ఎన్ని అయ్యాయని లెక్క అడగరు.

చొక్కా చెయ్యి నేర్పింది

మళ్లీ మిషన్ ముందుకి ఎలా వచ్చానో చెప్పాలి. పెద్ద నిర్ణయమేమీ తీసుకోలేదు. ఏదో వెతుకుతుంటే ఆ సంచి చేతికి తగిలింది. ముక్కలు బయటికి తీసి చూస్తే చాక్ గీతలు ఇంకా ఉన్నాయి. "భుజాల కుట్లు రెండూ వేసి లోపల పెట్టేద్దాం" అనుకున్నాను. రెండు చిన్న తిన్నని కుట్లు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. కుట్టుని ముందు అలాగే ఒకసారి ఇస్త్రీ చేసి, తర్వాత వెనక అంచులు విప్పదీసి మళ్లీ ఇస్త్రీ చేశాను. గుడ్డ చదునుగా, ఒకే ముక్కలా పడింది. దాని మీద చెయ్యి వేసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఇంకా ఓపిక ఉంది, టైమ్ ఉంది, అయినా ఆపేశాను. మర్నాడు పొద్దున లేవగానే ఆ చొక్కా గుర్తొచ్చింది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి అది బాకీలా కాకుండా, నా కోసం ఎదురు చూస్తున్నట్టు అనిపించింది.

ఆ చొక్కాకే చెయ్యి ఎక్కించేటప్పుడు అసలు విషయం అర్థమైంది. కుట్టేవాళ్లకి తెలుసు, ఒంటికి అమిరే ప్యాటర్న్‌లలో చెయ్యి పైవంపు పొడవు చంక చుట్టుకొలత కంటే కాస్త ఎక్కువే ఉంటుంది. రెండు మూడు సెంటీమీటర్లు ఉండొచ్చు. ఆ ఎక్కువ గుడ్డ లోపల ఇమిడిపోవాలి, పైకి ఒక్క కుచ్చు కూడా కనబడకూడదు. అందుకని పైవంపు మీద కుట్టు పొడవు నాలుగు మిల్లీమీటర్లకో ఇంకా ఎక్కువకో పెట్టి, పక్కపక్కనే రెండు వరసలు వదులుగా కుట్టి, కింది దారాలు మెల్లగా లాగాలి. అప్పుడు గుడ్డ చిన్న గిన్నెలా వంపు తిరుగుతుంది. దాన్ని వేళ్లతో భుజం దగ్గర సర్దుతూ, గుండుసూదులు గుచ్చి, కచ్చా కుట్టు వేసి, ఒకసారి తొడుక్కుని చూసుకోవాలి. ఆ తర్వాతే మిషన్.

ఇరవై నాలుగు బట్టల ఏడాదిలో ఇదంతా నేను పది నిమిషాల్లో కానిచ్చేదాన్ని. దారాలు గట్టిగా లాగేసి, గుండుసూదులు నాలుగు గుచ్చి, నేరుగా మిషన్ కింద పెట్టేదాన్ని. భుజం మీద ఎప్పుడూ ఒక మడత పడేది. ఎందుకు పడుతోందో ఆగి చూసే తీరిక ఉండేది కాదు, ఎందుకంటే నాకు కావాల్సిన చొక్కా ఇంకా దూరంగా ఉంది, ఈ చెయ్యి దానికి అడ్డంగా ఉంది. ఈసారి ఆ సాయంత్రానికి చెయ్యే మొత్తం పని. దాని వెనక తరుముకొచ్చేది ఏదీ లేదు. దారం లాగుతుంటే గుడ్డ వేళ్ల కింద ఎలా దగ్గరవుతోందో, ఎక్కడ బిగుసుకుంటోందో తెలిసింది. మూడుసార్లు సర్దాను. మడత పడలేదు.

కుట్టులో మనకి ఇష్టమైనది ఎక్కడుందని అడిగితే, చాలామంది తయారైన బట్ట తొడుక్కున్నప్పుడు అంటారు. నేనూ అదే అనేదాన్ని. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఆ ఆనందం ఒక్క రోజుది. దాని ముందున్న పదిహేను రోజుల పని, అంటే తడపడం, ఇస్త్రీ, కత్తిరించడం, గుర్తులు పెట్టడం, విప్పడం, మళ్లీ కుట్టడం, ఇవన్నీ కష్టంగా భరిస్తే, ఏడాది మొత్తంలో మనం సంతోషంగా ఉన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పని లోపలే ఇష్టం దొరకాలంటే, ఆ పనిలో ఒక ముక్కని తీసి "ఇవాళ్టికి ఇదే" అనుకోవాలి. చిన్న లక్ష్యం నాకు చేసే మేలు అదే. ఆ ముక్క పరాయి పని కాకుండా పోతుంది.

ఆరు పేజీలు, 42 పేజీలు

ఇది నా ఒక్కదాని అనుభవమేనా అన్న అనుమానం నాకూ ఉంది. 1981లో ఆల్బర్ట్ బండూరా, డేల్ షంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. లెక్కలంటే ఇష్టం లేని, తీసివేతల్లో బాగా వెనకబడిన పిల్లలని తీసుకున్నారు. అందరికీ అవే 42 పేజీలు, అవే ఏడు సెషన్లు. కొందరికి "ఏడోసారి పూర్తయ్యేసరికి 42 పేజీలూ చేయండి" అన్నారు. ఇంకొందరికి "ప్రతిసారీ ఆరు పేజీలైనా చేయండి" అన్నారు. కొందరికి ఏమీ చెప్పలేదు. ఆరు పేజీల పిల్లలు లెక్కలు బాగా నేర్చుకున్నారు, తమ వల్ల అవుతుందన్న నమ్మకం వాళ్లలో పెరిగింది. అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించింది ఇంకొకటి: తర్వాత ఎవరూ చెయ్యమనకపోయినా వాళ్లే ఎక్కువగా ఇష్టపడి లెక్కలు చేశారు. దూరపు లక్ష్యం ఇచ్చిన పిల్లలకి దాని వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు.

చూడండి, పని మొత్తం మీద ఒకటే. ఆరేళ్లు నలభై రెండే. మారింది గమ్యం ఎంత దగ్గరగా ఉందన్నది మాత్రమే.

దీన్ని చదివి సంబరపడిపోకూడదని నాకు తెలుసు, ఎందుకంటే ఎదుటి పక్షానికీ బలమైన పరిశోధన ఉంది. పరిశోధకురాలు జోర్డన్ ఎట్‌కిన్ 2016లో ప్రచురించినది. బొమ్మలకి రంగులు వేయడం, నడవడం, చదవడం లాంటి సరదా పనులు చేసేవాళ్లకి వాళ్లెంత చేశారో కొలిచి చూపిస్తే, వాళ్లు ఎక్కువ చేశారు, కానీ తక్కువ ఆనందించారు. కొలవడం మొదలవగానే సరదా కూడా డ్యూటీలా అనిపించడం మొదలవుతుంది. నా స్నేహితురాలి మాట అచ్చంగా ఇదే.

ఈ రెండింటి మధ్య చాలా రోజులు ఇరుక్కుపోయాను. ఆరు పేజీలు కూడా లెక్కే కదా? అది మేలు చేసి, ఇది ఎందుకు చెడగొట్టింది? నాకు తోచిన జవాబు చెబుతాను. ఇది పరిశోధకుల మాట కాదు, మిషన్ ముందు కూర్చుని నేను తేల్చుకున్నది. చేతకాని పనిని నేర్చుకుంటున్నప్పుడు దగ్గరి గమ్యం ధైర్యం ఇస్తుంది. అక్కడ ఆగొచ్చు, ఆగినప్పుడు చేతికి కొత్తగా ఏదో వచ్చి ఉంటుంది. అప్పటికే ఇష్టంగా చేస్తున్నదాని మీద మీటరు పెడితే దానికి ఆగే చోటు లేదు. ఎంత చేసినా ఇంకా కొంచెం చేయొచ్చని చెబుతూనే ఉంటుంది. నేనూ ఒక నెల రోజులు రోజూ ఎన్ని నిమిషాలు కుట్టానో రాసి చూశాను. పదిహేను నిమిషాలు రాసిన రోజున, చక్కగా కుట్టిన ఆ పదిహేను నిమిషాలూ ఓటమిలా కనబడ్డాయి. ఆ కాగితం చింపేశాను.

అందుకే ఇప్పుడు నా కాగితం మీద "ఎన్ని", "ఎంతసేపు" అన్న ప్రశ్నలకి చోటు లేదు. "ఏది" అన్న ఒక్క ప్రశ్నకే జవాబు ఉంటుంది. కుడి చెయ్యి. కాలర్ మూల. ఒక కాజా.

చిన్నది కదా అని

ఇంకో అభ్యంతరం మా అక్క చెప్పింది, అది నన్ను బాగా గుచ్చుకుంది. చిన్న లక్ష్యాల రుచి మరిగాక నేను వరసగా దిండు గలీబులు కుట్టుకుంటూ పోయాను. జిప్పు అక్కర్లేదు, వెనక రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా కుట్టేస్తే చాలు. నాలుగు తిన్నని కుట్లు, అయిపోయింది. అన్నీ బాగా వచ్చేవి, మనసు హాయిగా ఉండేది. అక్క వచ్చి చూసి, "బాగున్నాయే. కానీ పోయినసారి కూడా ఇవే చూశాను. నీకు భయమేస్తోందా?" అంది.

భయమే. చిన్నదంటూ తేలికైనదాని వెనక దాక్కున్నాను. నేల విడిచి సాము చేయడం ఎంత తప్పో, నేలకి అతుక్కుపోవడం కూడా అంతే తప్పు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: లక్ష్యం చిన్నదిగా ఉండొచ్చు, కానీ అందులో నా చేతికి ఇంకా రాని సంగతి ఒకటైనా ఉండాలి. వస్తువు పాతదే అయినా ఫర్వాలేదు. ఆ తర్వాతి గలీబుకి లోపలి అంచులు పోగులు ఊడకుండా ఫ్రెంచ్ సీమ్ వేశాను. గుడ్డ వెనక వైపులు ఒకదానికొకటి ఆనేలా పెట్టి ముందొక కుట్టు, అంచుని మూడు మిల్లీమీటర్లకి కత్తిరించి, తిరగేసి, ఆ అంచు లోపల బందీ అయ్యేలా రెండో కుట్టు. మొదటిసారి నేను అలవాటుగా మంచి వైపులు లోపలికి పెట్టి కుట్టేశాను. ఆ సాయంత్రం విప్పడంతోనే సరిపోయింది.

విప్పడం గురించి రెండు మాటలు చెప్పాలి. కాగితం మీద "విప్పాలి" అని కూడా రాసుకోవడం మొదలుపెట్టాక నాకు చాలా మనశ్శాంతి దొరికింది. ముందైతే విప్పడం అంటే పోయిన టైమ్. ఇప్పుడు అది ఆ పూట పని. మూడు నాలుగు కుట్లకొకటి చొప్పున, కుట్లు తెంపే చిన్న పనిముట్టైన రిప్పర్‌తో తెంపి, వెనక దారాన్ని పట్టి లాగితే కుట్టంతా ఒక్కసారిగా ఊడి వస్తుంది, గుడ్డకి ఏమీ కాదు. కోపంగా ఉన్నప్పుడు విప్పి రెండుసార్లు గుడ్డ చింపుకున్నాను. అదే పనిగా కూర్చుని విప్పినప్పుడు ఒక్కసారి కూడా చినగలేదు.

అలాగే మిషన్‌ని తెలుసుకోవడానికి కూడా కొన్ని పూటలు కేటాయించాను, ఏమీ కుట్టకుండా. చాలా కాలం గుడ్డ అడుగున దారం పిట్టగూడులా చిక్కుపడేది. కింద చిక్కు కాబట్టి తప్పు కింది దారం చుట్టి ఉండే బాబిన్‌దే అనుకుని, ప్రతిసారీ బాబిన్ కేసు స్క్రూ తిప్పేదాన్ని, అది ఇంకా పాడయ్యేది. ఒక సాయంత్రం "చిక్కు ఎందుకు పడుతోంది" అని మాత్రమే రాసుకుని కూర్చున్నాను. పాత గుడ్డ ముక్క మీద, పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం. చిక్కులో ఉన్నదంతా ఎర్ర దారమే! నేను గుడ్డని అదిమిపట్టే ఫుట్ కిందికి దించి పైదారం ఎక్కిస్తున్నాను. ఫుట్ దించితే దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లలు మూసుకుంటాయి, దారం వాటి మధ్యకి దిగదు, వదులుగా పోయి అడుగున పోగవుతుంది. ఫుట్ ఎత్తి దారం ఎక్కించాను, చిక్కు పోయింది. ఇంకో రోజు సూదులు. సూది మీద 90/14 అని ఉంటే 90 అంటే 0.9 మిల్లీమీటర్ల మందమని, పల్చని గుడ్డకి 70 చాలని, మూడు గుడ్డ ముక్కల మీద మూడు సూదులు వేసి చూసుకున్నాను. పల్చని గుడ్డ మీద 90 సూది వదిలిన రంధ్రాలు చూశాక మళ్లీ ఆ పొరపాటు చేయలేదు. ఈ సాయంత్రాల్లో ఒక్క బట్ట కూడా తయారవలేదు. పాత జాబితా లెక్కన ఇవి సున్నాలు.

టైమ్ లేనివాళ్ల సంగతి

ఇవన్నీ తీరిక ఉన్నవాళ్ల మాటలని అనిపించొచ్చు. ఇంట్లో మిషన్ ఎప్పుడూ పరిచి ఉంచుకునే చోటు అందరికీ ఉండదు. తీయడానికి పది నిమిషాలు, సర్దడానికి పది నిమిషాలు పోతే మధ్యలో మిగిలేదేముంది? నాకూ చాలా రోజులు అదే పరిస్థితి. అలాంటి రోజుల్లో మిషన్ జోలికి పోయేదాన్ని కాదు. కాగితం మీద చేతికుట్టు పని రాసుకునేదాన్ని: అంచు మడిచి హెమ్మింగ్, ఒక గుండీ, కచ్చా కుట్టు. వీటికి సూది, దారం, కూర్చోవడానికి వెలుతురున్న చోటు చాలు. ఏమీ చేయలేని రోజు కాగితం ఖాళీగా వదిలేస్తాను. ఖాళీ రోజుకి మర్నాడు రెట్టింపు చేయాలని పెట్టుకోను, ఎందుకంటే బాకీ అన్న మాట తిరిగి వచ్చేది ఆ సందులోంచే.

ఇదంతా నా స్నేహితురాలికి ఫోన్‌లో చెప్పాను. పూర్తిగా ఒప్పుకోలేదు. "నాకైతే ఏమీ రాసుకోకుండా, ఆ రోజుకి ఏది అనిపిస్తే అది చేయడమే ఇష్టం" అంది. తన కుట్టు అలాగే అందంగా సాగుతోంది కూడా, అందులో వంక పెట్టడానికేమీ లేదు. కానీ తను చిన్నప్పటి నుంచి కుడుతోంది. తన చేతులు దాదాపు అన్నీ ఎరిగినవి, ఏది పట్టుకున్నా ఆగాల్సిన చోటు వాటికే తెలుస్తుంది. నా చేతులకి ఇంకా ఆ చోటు ముందే చూపించాలి. ఎప్పటికైనా కాగితం అక్కర్లేని రోజు వస్తుందేమో చూడాలి.

ఆ కుడి చెయ్యి అదే వారం పూర్తయింది. ఎడమది కూడా ఎక్కింది. ఇప్పుడు గోడ మీద కాగితం మార్చాను: "కఫ్. మూలలు తిరగేయడం."